మేలుజాతి గొర్రెల గొంతు, ఊపిరి జబ్బులు

టెక్సెల్ జాతి గొర్రెల్లో స్వరపేటికకు చీము పట్టి, లోపలి భాగం వాచి, ఊపిరి దారి మూసుకుపోయే జబ్బు ఒకటుంది. పశువైద్యులు దాన్ని లారింజియల్ కాండ్రైటిస్ అంటారు. స్వరపేటికలోని మృదులాస్థికి వచ్చే వాపు అని దాని అర్థం. బ్రిటన్ గొర్రెల రైతుల నోట మాత్రం అది ‘టెక్సెల్ థ్రోట్’, అంటే టెక్సెల్ గొంతు. జాతి పేరే జబ్బు పేరైపోయింది. సౌత్‌డౌన్, బెల్టెక్స్ జాతుల్లోనూ ఇది కనిపిస్తుంది. ఆడగొర్రెల కన్నా పొట్టేళ్లకు, వాటిలోనూ ఏడాదిన్నర, రెండేళ్ల వయసున్నవాటికి ఎక్కువగా వస్తుంది. మందనంతా చుట్టబెట్టే అంటువ్యాధి కాదిది. ఒకటీ అరా జీవాలకే వస్తుంది. అయితే ఆ ఒక్కటి తరచు మందలోకెల్లా ఖరీదైన పొట్టేలే అవుతుంది.

మేలుజాతి మంద అంటే తల్లిదండ్రుల పేర్లు, పుట్టిన తేదీ, చెవిపోగు సంఖ్య జాతి సంఘం పుస్తకంలో నమోదైన గొర్రెల మంద. అందులో పుట్టిన పొట్టేలు కోతకు పోదు, వంశాన్ని నిలపడానికి వేలానికి వెళ్తుంది. ఆ మందకు వచ్చే జబ్బులు కూడా మామూలు మందల జబ్బులే. కానీ ఎంపిక, దాణా, ప్రదర్శన, కొనుగోలు అనే నాలుగు పనులు వాటిని ఇక్కడ మరింత బలంగా నడిపిస్తాయి. గొంతు జబ్బు ఎంపికతో ముడిపడింది. ఊపిరితిత్తుల జబ్బులు ఎక్కువగా కొనుగోలుతో వస్తాయి.

ఒక దీవి నుంచి వచ్చిన జాతి

టెక్సెల్ అనేది నెదర్లాండ్స్ ఉత్తర తీరంలోని ఒక దీవి. అక్కడి నాటు గొర్రెలను 19వ శతాబ్దంలో ఇంగ్లండ్ నుంచి తెచ్చిన లింకన్, లీసెస్టర్ పొట్టేళ్లతో దాటించి, కండ బాగా పట్టే జాతిని తయారు చేశారు. 1970ల తొలి ఏళ్లలో ఆ జాతి బ్రిటన్ చేరింది. 1974లో అక్కడ టెక్సెల్ సంఘం ఏర్పడింది. కొవ్వు తక్కువగా, తొడలు, నడుము నిండా మాంసం ఉండే గొర్రెపిల్లల కోసం టెక్సెల్ పొట్టేలును ఇతర జాతుల ఆడగొర్రెల మీదికి వదలడం అక్కడ మామూలైంది.

ఆ కండకు కారణం ఒక జన్యువులో ఉంది. కండరాలు అతిగా పెరగకుండా ఆపే మయోస్టాటిన్ అనే పదార్థాన్ని శరీరం తయారు చేసుకుంటుంది. టెక్సెల్ గొర్రెల్లో ఆ జన్యువుకు ఒకచోట చిన్న మార్పు జరగడంతో మయోస్టాటిన్ తయారీ తగ్గి, కండ పెరుగుతుందని 2006లో శాస్త్రవేత్తలు తేల్చారు. పెంపకందార్లకు జన్యువు సంగతి తెలియకముందే వాళ్ల కళ్లు ఆ కండను ఎంచుకున్నాయి. పొట్టి మెడ, వెడల్పాటి తల, దిట్టమైన భుజాలు, బరువైన తొడలు ఉన్న పొట్టేలుకు వేలంలో ధర పలికింది. స్కాట్లాండ్‌లోని లానార్క్ వేలంలో 2020 ఆగస్టులో ఒక టెక్సెల్ పొట్టేలుపిల్ల 3,50,000 గినీలకు అమ్ముడైంది. గినీ అంటే ఒక పౌను, ఐదు పెన్నీలు. ఆ లెక్కన దాని వెల 3,67,500 పౌన్లు. ఒక గొర్రెకు అంత ధర అంతకుముందు ప్రపంచంలో ఎక్కడా పలకలేదు.

కండనిచ్చే ఆ జన్యువే గొంతు జబ్బుకు మూలమని ఎవరూ రుజువు చేయలేదు. కానీ జబ్బు కొన్ని జాతుల్లోనే తిరుగుతోందంటే శరీర నిర్మాణానికి అందులో పాత్ర ఉందన్నది పశువైద్యుల గట్టి అనుమానం. వేలంలో చూపు పడేది ఒంటి బయటి ఆకారం మీద. తలా మెడా పొట్టిగా, దిట్టంగా అయ్యేకొద్దీ లోపలి గొట్టం ఎలా మారుతోందో ఆ చూపుకు అందదు.

దారి ఇరుకైతే ఏమవుతుంది

నాలుక మొదలు దాటాక, శ్వాసనాళం పైకొసన స్వరపేటిక ఉంటుంది. దాని ముఖద్వారంలో రెండు వైపులా రెండు చిన్న మృదులాస్థి ముక్కలుంటాయి. గాలి పీల్చినప్పుడు అవి తలుపు రెక్కల్లా పక్కలకు తొలగుతాయి, మింగినప్పుడు దగ్గరికి వస్తాయి. ఈ జాతుల్లో ఆ రెక్కలు ఒకదానికొకటి మరీ దగ్గరగా ఉంటాయి. గట్టిగా దగ్గినా, రొప్పినా ఒకదానికొకటి ఒరుసుకుని పైపొర గీరుకుపోతుంది. గరుకు మేత తగిలినా, నట్టల మందు తాగించే గొట్టం మొన గుచ్చుకున్నా అక్కడ పుండు పడుతుంది.

ఆ పుండులోకి ఫ్యూసోబ్యాక్టీరియం నెక్రోఫోరం, ట్రూపెరెల్లా పయోజెనిస్ అనే సూక్ష్మజీవులు దూరతాయి. ఇవి ఎక్కడి నుంచో కొత్తగా రావు. మొదటిది గొర్రె పేగుల్లోనూ, దొడ్డి బురదలోనూ ఉండేదే, గిట్టల పుండ్లకూ కారణమయ్యేదే. మృదులాస్థికి సొంతంగా రక్తనాళాలుండవు కాబట్టి శరీరపు రక్షక కణాలు అక్కడికి సులువుగా చేరలేవు. చీము గూడు కడుతుంది, చుట్టూ కండ వాస్తుంది. తలుపు రెక్కలు రెండూ లావెక్కి, మధ్యలో సన్నని చీలిక మిగులుతుంది.

ఇక్కడ లెక్క చాలా కఠినంగా ఉంటుంది. గొట్టం వెడల్పు సగానికి తగ్గితే, లోపల సాఫీగా పారే గాలికి ఎదురయ్యే అడ్డు రెట్టింపుతో ఆగదు, 16 రెట్లవుతుంది. అందుకే వాపు కొంతమేర పెరిగేదాకా పొట్టేలు బాగానే తిరుగుతుంది. ఆ పైన ఇంకాస్త పెరిగితే చాలు, గంటల్లో ప్రాణం మీదికి వస్తుంది. బలంగా పీల్చేకొద్దీ లోపలి ఒత్తిడి తగ్గి, వాచిన గోడలు ఇంకా లోపలికి లాక్కుపోతాయి. ప్రాణం కోసం చేసే ప్రయత్నమే దారిని మూసేస్తుంది.

జబ్బు పడిన పొట్టేలు

జబ్బు మొదట్లో కంటికి చిక్కదు, చెవికి చిక్కుతుంది. గొర్రెలను తోలుకు వచ్చాక ఒక పొట్టేలు దగ్గర మాత్రం గురక లాంటి శబ్దం వినిపిస్తుంది. కాసేపు నిలబడితే తగ్గుతుంది. మర్నాడు మళ్లీ మొదలవుతుంది. జబ్బు ముదిరాక ఆ శబ్దం రంపపు కోతలా మారి, దొడ్డి అవతలి నుంచే వినిపిస్తుంది. పొట్టేలు మంద నుంచి విడిపడి, ముందుకాళ్లు ఎడంగా పెట్టి, మెడ నిటారుగా ముందుకు చాచి నిలబడుతుంది. ముక్కుపుటాలు విచ్చుకుంటాయి. నోరు తెరుచుకుని, నురగ కారుతుంది. పీల్చిన ప్రతిసారీ డొక్కలు లోపలికి పోతాయి. చిగుళ్లు గులాబీ రంగు పోయి నీలం తిరుగుతాయి. జ్వరం పెద్దగా ఉండకపోవచ్చు. ఆకలి ఉన్నా మింగే తీరిక లేక మేత వదిలేస్తుంది. పట్టుకోవడానికి వెంటపడితే అక్కడే కూలిపోవచ్చు. కొన్నిసార్లు ఏ సూచనా గమనించకముందే తెల్లారేసరికి చచ్చిపడి ఉంటుంది.

బ్రిటన్‌లో పొట్టేళ్ల వేలాలు ఆగస్టు, సెప్టెంబరుల్లో జరుగుతాయి. అక్టోబరు, నవంబరుల్లో వాటిని ఆడగొర్రెల్లోకి వదులుతారు. వేలానికి ముందు నెలల తరబడి దాణా పెట్టి ఒళ్లు చేయిస్తారు. ఆ ఒంటితో, కొత్త చోట, రోజంతా ఆడగొర్రెల వెంట పరుగెత్తాల్సి వస్తుంది. ఇరుకైన గొంతుకు అంతకన్నా కష్టకాలం ఉండదు.

చికిత్స

ముందు చేయాల్సిన పని పొట్టేలును కదిలించకుండా ఉంచడం. చల్లని, గాలి ఆడే చోట నిలబెట్టి, అరుపులూ కుక్కలూ లేకుండా చూసి, పశువైద్యుణ్ణి అక్కడికే పిలిపించాలి. వాపు తగ్గించడానికి డెక్సామెథసోన్ లాంటి స్టెరాయిడ్ సూది వేస్తారు. ఆడగొర్రె చూడితో ఉండి, ఈనే రోజులు దగ్గరపడితే ఈ మందు ముందే ఈనేలా చేస్తుంది కాబట్టి ఆ సంగతి వైద్యుడికి చెప్పాలి. చీముకు పెన్సిలిన్ లాంటి యాంటీబయోటిక్ ఇస్తారు. మృదులాస్థిలోకి మందు నెమ్మదిగా చేరుతుంది కాబట్టి మూడు నాలుగు రోజుల సూదులతో పని కాదు. వారాల తరబడి వేయాలి. గురక తగ్గిందని మధ్యలో ఆపేస్తే చీము గూడు అలాగే ఉండి జబ్బు తిరగబెడుతుంది.

ఊపిరి పూర్తిగా ఆగిపోయే దశలో మిగిలే దారి శ్వాసనాళానికి రంధ్రం చేయడమే. మెడ ముందు భాగంలో ఉన్ని కత్తిరించి, మత్తు సూది వేసి, చర్మం నిలువునా కోసి, శ్వాసనాళపు రెండు ఉంగరాల మధ్య చీల్చి గొట్టం దించుతారు. గొట్టం లోపలికి జారగానే గాలి వాచిన గొంతును తప్పించుకుని నేరుగా ఊపిరితిత్తుల్లోకి వెళ్తుంది. నిమిషాల్లో గురక ఆగి, నీలం తిరిగిన చిగుళ్లకు రంగు వస్తుంది. అయితే జబ్బు గొంతులోనే ఉంటుంది. లోపల వాపు తీసేదాకా గొట్టాన్ని రోజూ తీసి, జిగురు కడిగి, మళ్లీ పెట్టాలి. ఇంత చేసినా కొన్ని బతకవు, బతికినవాటిలో కొన్నిటికి గురక ఉండిపోతుంది.

ఊపిరితిత్తులను తినేసే వైరస్

గొంతు జబ్బులో శబ్దం వచ్చేది పీల్చినప్పుడు, పైనుంచి. రొప్పు ఉండి గొంతు శబ్దం లేకపోతే జబ్బు కింద, ఊపిరితిత్తుల్లో వెతకాలి. అక్కడి జబ్బుల్లో కొరకరానిది గొర్రెల ఊపిరితిత్తుల కేన్సర్. దక్షిణాఫ్రికా రైతులు దీన్ని వాళ్ల ఆఫ్రికాన్స్ భాషలో యాగ్‌సీక్తె అన్నారు. వెంటపడి తరిమితే రొప్పినట్టు రొప్పించే రోగం అని అర్థం. దానికి కారణం ఒక రెట్రోవైరస్. వైరస్ సోకిన నెలలకో ఏళ్లకో లక్షణాలు బయటపడతాయి. ఎక్కువగా రెండు నుంచి నాలుగేళ్ల గొర్రెల్లో కనిపిస్తుంది. మేత బాగానే తింటుంది, జ్వరం ఉండదు, ఒళ్లు మాత్రం తగ్గిపోతూ ఉంటుంది. చివరికి ఊపిరితిత్తుల్లో నీరు నిండుతుంది. వెనక కాళ్లు పట్టి పైకెత్తి తల కిందికి వంచితే ముక్కుల నుంచి నురగతో కూడిన పల్చటి నీరు ధారగా కారుతుంది. ఆ నీళ్లలోనే వైరస్ ఉంటుంది. తొట్టి దగ్గర తల పక్కన తల పెట్టి తినే గొర్రెలకు గాలి ద్వారా అది అంటుకుంటుంది. తల్లి పాల నుంచి పిల్లకూ సోకుతుంది.

ఈ జబ్బుకు మందూ లేదు, టీకా లేదు. మందలో దేనికి సోకిందో చెప్పే నమ్మకమైన రక్తపరీక్ష కూడా లేదు. అందుకు కారణం విచిత్రమైనది. ఈ వైరస్‌ను పోలిన ముక్కలు గొర్రె సొంత జన్యువుల్లో అనాదిగా ఉన్నాయి. దాంతో గొర్రె శరీరం దీన్ని పరాయిదిగా గుర్తించదు, ప్రతిరక్షకాలు తయారు చేయదు. వెతికేందుకు ఏమీ ఉండదు. అందుకే బ్రిటన్‌లో చాలా మేలుజాతి మందల్లో ఇప్పుడు అల్ట్రాసౌండ్ యంత్రంతో ఛాతీ రెండు వైపులా పరీక్షించి, గడ్డ కనిపించినవాటిని ఏరేస్తున్నారు. సోకినా గడ్డ ఇంకా పెరగని గొర్రె ఆ పరీక్షకూ దొరకదు. అందుకే పరీక్ష ఏటా చేయాల్సి ఉంటుంది.

ప్రపంచమంతా పేరు తెలిసిన గొర్రె ఒకటి ఈ జబ్బుతోనే పోయింది. క్లోనింగ్ ద్వారా స్కాట్లాండ్‌లోని రోస్లిన్ సంస్థలో 1996 జులై 5న పుట్టిన డాలీకి ఊపిరితిత్తుల్లో గడ్డలు పెరుగుతున్నాయని తేలాక, 2003 ఫిబ్రవరి 14న బాధ లేకుండా ప్రాణం తీశారు. దాని చావుకు క్లోనింగ్ కారణమని చాలామంది అనుకున్నారు. కానీ దాన్ని చంపింది గొర్రెల మధ్య సర్వసాధారణంగా తిరిగే ఈ వైరసే. అదే చోట ఉన్న ఇతర గొర్రెలు కూడా ఈ జబ్బుతో చనిపోయాయి.

ఐస్‌లాండ్ పాఠం

మేలుజాతి గొర్రెను కొనేటప్పుడు జాగ్రత్త ఎందుకో ఐస్‌లాండ్‌కు తెలిసినంతగా మరే దేశానికీ తెలియదు. వెయ్యేళ్లకు పైగా ఆ దీవిలో గొర్రెలు బయటి మందలకు దాదాపు దూరంగా పెరిగాయి. 1933లో జర్మనీలోని హాలే నుంచి 20 కారకుల్ గొర్రెలను తెప్పించారు. కారకుల్ పిల్లల చర్మానికి మార్కెట్లో మంచి ధర ఉండేది. అవి ఆరోగ్యంగా ఉన్నాయని ధ్రువపత్రాలున్నాయి. రెండు నెలలు విడిగా ఉంచి చూశారు. ఏ లోపమూ కనిపించలేదు. వేర్వేరు ఊళ్ల రైతులకు పంచారు.

కొన్నేళ్లకు ఆయాసంతో గొర్రెలు చావడం మొదలైంది. కొన్ని ఊళ్లలో అది యాగ్‌సీక్తె. మరికొన్ని ఊళ్లలో ఇంకా నెమ్మదిగా ఊపిరితిత్తులు గట్టిపడే జబ్బు. దాన్ని రైతులు వాళ్ల భాషలో మేడి అన్నారు, అంటే ఆయాసం. అదే వైరస్ కొన్ని గొర్రెల మెదడుకు ఎక్కి కాళ్లు చచ్చుబడేట్టు చేస్తే దాన్ని విస్నా అన్నారు, అంటే క్షీణించడం. లక్షల గొర్రెలను వధించి, ప్రాంతాల మధ్య కంచెలు వేసి, శుభ్రమైన మందలను తెచ్చి నింపాల్సి వచ్చింది. 1952 నాటికి యాగ్‌సీక్తె పోయింది. మేడి పోవడానికి 1965 దాకా పట్టింది. ఈ జబ్బులను పరిశోధించిన బ్యోర్న్ సిగుర్డ్‌సన్ 1954లో ‘నెమ్మది వైరస్‌లు’ అనే భావనను ప్రతిపాదించాడు. మేడి వైరస్ మనుషుల్లో ఎయిడ్స్ కలిగించే హెచ్‌ఐవీకి దూరపు చుట్టమని తర్వాతి కాలంలో తేలింది.

ఏళ్ల తరబడి దాగే జబ్బును రెండు నెలల కాపలా పట్టుకోలేదు. అదే ఐస్‌లాండ్ నేర్చుకున్న సంగతి. మేడికి రక్తపరీక్ష ఉంది కాబట్టి, ఇప్పుడు బ్రిటన్‌లో మేలుజాతి మందలు పరీక్షలు చేయించుకుని, జబ్బు లేదన్న గుర్తింపు పొందుతాయి. ఆ మందలు గుర్తింపు లేని గొర్రెలతో కంచె దగ్గరైనా కలవకూడదు.

మరో రెండు జబ్బులు

కొన్నిసార్లు పొట్టేలుకు దవడ మూలల్లో, చెవి కింద గడ్డలు లేస్తాయి. పగిలితే ఆకుపచ్చ చాయతో చిక్కటి చీము వస్తుంది. ఇది కేసియస్ లింఫడినైటిస్ అనే బ్యాక్టీరియా జబ్బు. బ్రిటన్‌లో ఇది 1990లో తొలిసారి బయటపడింది. మాంసపు జాతుల మేలు మందల్లోకి పొట్టేళ్ల కొనుగోళ్లతోనే బాగా పాకింది. పొట్టేళ్లు తలలతో ఢీకొన్నప్పుడు, ఉన్ని కత్తిరించే కత్తెర గాట్ల ద్వారా సోకుతుంది. గడ్డలు గొంతు లోపల లేస్తే ఊపిరి దారిని నొక్కుతాయి, ఊపిరితిత్తుల్లో లేస్తే ఒళ్లు చిక్కిపోతుంది.

రెండోది నిమోనియా. మ్యాన్‌హైమియా హీమోలిటికా అనే బ్యాక్టీరియా ఆరోగ్యంగా ఉన్న గొర్రె గొంతులోనూ ఉంటుంది. లారీ ప్రయాణం, వాతావరణంలో హఠాత్తు మార్పు, గాలాడని పాక, తల్లి నుంచి వేరుచేయడం లాంటి వాటితో ఒంటికి బలం తగ్గగానే అది ఊపిరితిత్తుల్లోకి దిగుతుంది. జ్వరం బాగా ఉంటుంది, ముక్కు కారుతుంది, ఒకటి రెండు రోజుల్లో చావు రావచ్చు. మొదట్లోనే యాంటీబయోటిక్ పడితే బతుకుతుంది. టీకా కూడా ఉంది.

తెలుగు మందల్లో

2019 పశుగణనలో గొర్రెల సంఖ్యలో తెలంగాణ 1.91 కోట్లతో దేశంలో మొదటి స్థానంలో, ఆంధ్రప్రదేశ్ 1.76 కోట్లతో రెండో స్థానంలో నిలిచాయి. ఇక్కడి నెల్లూరు, దక్కనీ గొర్రెలు పొడవాటి కాళ్లతో మైళ్లు నడిచి మేసేవి. పొట్టి మెడ, అతి కండ కోసం వాటిని ఎంచలేదు. ఇక్కడ కాపరి ఊపిరి జబ్బు అంటే ముందు అనుమానించేది పారుడు రోగాన్ని, అంటే పీపీఆర్‌ను. కళ్లు, ముక్కు కారడం, నోటిలో పుండ్లు, పారుడు, ఆ తర్వాత నిమోనియా వరసగా వస్తాయి. ఒక్క టీకాతో మూడేళ్ల దాకా రక్షణ ఉంటుంది. ముక్కు పురుగులు పడితే తుమ్ములు, చీమిడి ఉంటాయి కానీ ఊపిరితిత్తులు బాగానే ఉంటాయి. దవడ కింద నీరు దిగితే అది గొంతు జబ్బు కాకపోవచ్చు, కాలేయపు జలగల వల్ల రక్తంలోని మాంసకృత్తులు తగ్గి దిగిన నీరు కావచ్చు.

టెక్సెల్ మందకూ తెలుగు మందకూ ఒకేలా వర్తించేది నట్టల మందు తాగించే పద్ధతి. గొర్రె తలను ఆకాశానికి ఎత్తిపట్టి మందు పోస్తే అది శ్వాసనాళంలోకి జారి నిమోనియా తెస్తుంది. తొందరలో గొట్టాన్ని గొంతులోకి గుచ్చితే లోపల గాయమై చీము పడుతుంది. తల మామూలు ఎత్తులోనే ఉంచి, పెదవి మూల నుంచి, పళ్లు లేని ఖాళీలో గొట్టం పెట్టి, నాలుక మీదికి నెమ్మదిగా పోసి, గుటక వేసేదాకా ఆగాలి. గొట్టం మొన అరిగి కరుకెక్కితే మార్చేయాలి.

కొనేవారికి, పెంచేవారికి

కొత్తగా కొన్న జీవాన్ని కనీసం నెల రోజులు సొంత మందకు దూరంగా, వేరే తొట్టి, వేరే నీళ్లు పెట్టి ఉంచాలి. మేడికి రక్తపరీక్ష, ఛాతీకి అల్ట్రాసౌండ్ వీలైతే చేయించాలి. నెల కాపలా త్వరగా బయటపడే జబ్బులనే ఆపుతుంది కాబట్టి, ఏ మంద నుంచి వచ్చిందో, ఆ మందలో గతంలో చావులు ఎలా జరిగాయో అడిగి తెలుసుకోవడం అంతే ముఖ్యం. చచ్చిన పెద్ద గొర్రెకు శవపరీక్ష చేయిస్తే మందలో దాగిన జబ్బు బయటపడుతుంది. కేన్సర్ పట్టిన ఊపిరితిత్తి మామూలుకన్నా ఎన్నో రెట్లు బరువుతో, బూడిద రంగు గట్టి ముద్దలా ఉంటుంది. కోస్తే నురగ కారుతుంది. ఒకసారి చూసినవారు మళ్లీ పొరబడరు.

దుమ్ము రేగే ఎండు మేత, పొడి దాణా గొంతును గీరుతాయి. వాటిని తడిపి పెట్టాలి. పాకలో గాలి ఆడాలి. పొట్టేలును వేలం కోసం అతిగా మేపకూడదు.

అన్నిటికన్నా కష్టమైనది ఎంపికలో నిజాయితీ. గొంతు జబ్బు నుంచి బతికి బయటపడిన పొట్టేలు వెల ఎంతైనా, దాన్ని వంశానికి వాడితే అదే గొంతు పిల్లలకూ దిగే ప్రమాదం ఉంది. ఒకే తండ్రి పిల్లల్లో రెండు మూడింటికి గురక వస్తే ఆ వరసను ఆపేయడం జాతికి మేలు. జాతి సంఘం పుస్తకంలో తొడల కొలత, వారాలవారీ బరువు రాసుకున్నట్టే గొంతు జబ్బు వచ్చిన సంగతీ రాసుకోవాలి. కొనేవారు పొట్టేలును నిలబెట్టి మాత్రమే చూడకూడదు. వంద గజాలు నడిపించి, ఆపి, దాని తల పక్కన చెవి పెట్టి వినాలి. మంచి పొట్టేలు ఊపిరికి శబ్దం ఉండదు.